రెండు లక్షల కిలోమీటర్లు దాటిన కారుని ఇంట్లోనే దారికి తెచ్చుకోవడం ఎలా

పొద్దున్నే స్టార్ట్ అవ్వడానికి సతాయిస్తుంది, పికప్ లేదు, డాష్‌బోర్డులో పసుపు రంగు ఇంజిన్ లైటు ఆరడం లేదు, గుంతలో పడితే కింద ఎక్కడో డబడబమంటుంది. ఇలాంటి బండి చేతిలో ఉంటే చాలామంది ఎవరో చెప్పారని ముందు ప్లగ్గులు మారుస్తారు, తగ్గకపోతే కాయిల్స్, అప్పటికీ తగ్గకపోతే ఫ్యూయల్ పంపు, అలా సగం ఇంజిన్ కొత్తదయ్యాక కూడా మిస్సింగ్ మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంటుంది. పాత కారుతో చిక్కేమిటంటే ఒక లక్షణానికి మూడు నాలుగు కారణాలుంటాయి, అవన్నీ ఒకేసారి ఉండే అవకాశం కూడా బాగానే ఉంది. కాబట్టి ముందు కొలవండి, రాసుకోండి, తర్వాతే ఏదైనా కొనండి. ఈ కింద రాసిన వరుస కూడా అందుకోసమే, బండి మీద డబ్బు పెట్టొచ్చా లేదా అన్నది ముందే తేలిపోయేలా.

సామాన్ల సంగతి. మామూలు స్పానర్లు, సాకెట్ సెట్టు సరే. వాటితో పాటు ఒక మల్టీమీటర్, బండి కంప్యూటర్‌కి తగిలించి లోపాల కోడ్‌లు, లైవ్ డేటా చూపించే ఓబీడీ స్కానర్, సిలిండర్ లోపలి ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్, బోల్టుని సరైన బిగువుకి బిగించే టార్క్ రెంచ్, రెండు జాక్ స్టాండ్లు కావాలి. మీ మోడల్‌కి సంబంధించిన సర్వీస్ మాన్యువల్ ఎలాగైనా సంపాదించండి, ఎందుకంటే బోల్టుల టార్కు దగ్గర్నుంచి ఆయిల్ గ్రేడ్ దాకా నేను ఇక్కడ చెప్పే ప్రతి అంకె కంటే అందులో ఉన్న అంకెకే విలువ ఎక్కువ. విప్పే ముందు ఫోన్‌లో ఫోటో తీసుకోండి, పైపు ఎటు పోయిందో రేపు గుర్తుండదు.

ఇక ప్రాణం మీదికి వచ్చే విషయాలు. జాకీ బండిని లేపడానికి మాత్రమే, దాన్ని నమ్మి కిందకి దూరకూడదు. గట్టి, సమతలమైన నేల మీద, లేపకుండా కిందే ఉన్న చక్రాలకి అడ్డం పెట్టి, స్టాండ్ల మీద దించి, ఒకసారి చేత్తో ఊపి చూశాకే తల కిందకి పెట్టండి. వేడి మీద రేడియేటర్ మూత తియ్యొద్దు. మూసిన గ్యారేజీలో ఇంజిన్ నడపొద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. స్టీరింగ్ కింద, సీట్ల కింద కనిపించే పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌లవి, వాటి జోలికి పోవద్దు.

మొదట: తాళం తిప్పకుండా చూడటం

రాత్రంతా బండి కింద ఒక పెద్ద అట్టముక్క పరిచి ఉంచండి. తెల్లారి దాని మీద పడిన చుక్కలే సగం కథ చెప్పేస్తాయి. నల్లగా, గోధుమ రంగులో జిడ్డుగా ఉంటే ఇంజిన్ ఆయిల్, ఎర్రగా ఉంటే గేర్‌బాక్స్ ఆయిలో పవర్ స్టీరింగ్ ఆయిలో, ఆకుపచ్చ గులాబీ నారింజ రంగుల్లో నీళ్లలా జారుతూ ఉంటే కూలెంట్, చక్రం లోపలి వైపు పల్చగా తడిగా ఉంటే బ్రేక్ ఆయిల్. ఉత్త నీళ్లయితే ఏసీవి, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. ఏ చుక్క బండిలో ఏ భాగం కింద పడిందో అట్ట మీదే రాసేయండి.

తర్వాత ఆయిల్ డిప్‌స్టిక్ తీయండి. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే ఆయిల్లో నీళ్లు కలిశాయి, అది పెద్ద విషయం. అయితే ఆయిల్ మూత లోపల మాత్రమే కాస్త తెల్లటి మీగడలాంటిది ఉండి డిప్‌స్టిక్ శుభ్రంగా ఉంటే, దగ్గర దగ్గర దూరాలు తిరిగే బండిలో చెమ్మ పట్టడం వల్ల కూడా అలా అవుతుంది, అప్పుడే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ పైనున్న హెడ్‌కీ మధ్య ఉండే సీలు) పోయిందని గుండెలు బాదుకోకండి.

ఇప్పుడు అసలు పరీక్ష, తుప్పు. ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని తలుపుల కింది బాడీ అంచు, కింద పొడవునా పోయే ఛాసిస్ రైళ్లు, సస్పెన్షన్ బాడీకి బిగించిన చోట్లు గట్టిగా పొడిచి చూడండి. పై పొర మాత్రమే రాలితే ఫరవాలేదు. స్క్రూడ్రైవర్ లోపలికి దిగిపోతే మాత్రం అక్కడ ఆగండి. ఇంజిన్ ఎంత పాడైనా బాగుచేసుకోవచ్చు, కావాలంటే ఇంకోటి పెట్టుకోవచ్చు. ఛాసిస్ తినేసిన బండికి ఇంట్లో వైద్యం లేదు, వెల్డింగ్ తెలిసినవాళ్లకి చూపించాకే మిగతా మాట.

టైమింగ్ బెల్ట్ (వాల్వులు, పిస్టన్లు ఒకే లయలో కదిలేలా చూసే బెల్ట్) ఉన్న ఇంజిన్ అయితే చివరిసారి ఎప్పుడు మార్చారో కాగితం ఉందా చూడండి. కాగితం లేదంటే మార్చలేదనే లెక్క. చాలా కంపెనీలు లక్ష నుంచి లక్షన్నర కిలోమీటర్ల మధ్య మార్చమంటాయి, కిలోమీటర్లు కాకపోయినా ఏళ్ల గడువు కూడా ఉంటుంది. చాలా ఇంజిన్లలో ఈ బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్లకి తగిలి వంగిపోతాయి, ఆ తర్వాత మనం మాట్లాడుకోవాల్సింది ఏమీ ఉండదు. మారుస్తున్నప్పుడే టెన్షనర్, ఐడ్లర్ పుల్లీ, బెల్ట్ నడిపే వాటర్ పంపు కూడా మార్చేయండి, విప్పే కష్టం ఒకటే కదా.

బ్యాటరీ, ఎర్త్: ఇక్కడ తొందరపడొద్దు

వింత వింత రోగాలన్నీ, అంటే లైట్లు మినుకుమినుకుమనడం, లేనిపోని కోడ్‌లు రావడం, గేర్ మారేటప్పుడు కుదుపులు, వీటిలో చాలా వాటికి మూలం బ్యాటరీ దగ్గరో తుప్పు పట్టిన ఎర్త్ తీగ దగ్గరో ఉంటుంది. సెన్సార్లు మార్చే ముందు ఇది తేల్చుకోండి.

బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక బ్యాటరీ మీద మీటర్ పెట్టండి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే ఉన్నట్టు, 12 కంటే దిగువన ఉంటే దాదాపు ఖాళీ. ఇంజిన్ నడుస్తున్నప్పుడు సుమారు 13.8 నుంచి 14.5 మధ్య చూపిస్తే ఆల్టర్నేటర్ చార్జ్ చేస్తోందని అర్థం, కొన్ని కొత్త తరం బండ్లలో కంప్యూటర్ దీన్ని కావాలనే తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది, అది లోపం అనుకోకండి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందకి పడిపోతే, బ్యాటరీ నిండుగా చార్జ్ అయి కూడా అలా పడితే, బ్యాటరీ ఆయుష్షు అయిపోయినట్టే.

ఎక్కువమంది వదిలేసే పరీక్ష ఇంకోటుంది. మీటర్ నల్ల తీగ బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్ర తీగ ఇంజిన్ మీద శుభ్రమైన లోహం ఉన్న చోట పెట్టి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. ఇక్కడ 0.2 వోల్టు లోపల చూపించాలి. అర వోల్టు, ఒక వోల్టు చూపిస్తోందంటే ఎర్త్ తీగలో కరెంటు ఇరుక్కుపోతోంది. అదే పద్ధతిలో బ్యాటరీ పాజిటివ్ నుంచి స్టార్టర్ మోటర్ లావు తీగ దాకా చూస్తే అర వోల్టు దాటకూడదు. పైకి తీగ కొత్తదిలా కనిపించినా లోపల రాగి పచ్చబడి ఉండొచ్చు, కంటితో చూసి సర్టిఫికెట్ ఇవ్వలేం. నెగటివ్ ముందు విప్పండి, టెర్మినళ్లు, బాడీకి ఇంజిన్‌కి మధ్య ఉన్న ఎర్త్ పట్టీలు బ్రష్షుతో మెరిసేదాకా రుద్ది బిగించండి, నెగటివ్ చివర్లో పెట్టండి.

రాత్రికి రాత్రి బ్యాటరీ దిగిపోతుంటే మీటర్‌ని యాంపియర్ల మీద పెట్టి నెగటివ్ తీగకి బ్యాటరీకి మధ్య కలపండి, బండి లాక్ చేసి కంప్యూటర్లన్నీ నిద్రపోయేదాకా అరగంట ఆగండి, తర్వాత 50 మిల్లీయాంపియర్ల కంటే ఎక్కువ లాగుతుంటే ఒక్కో ఫ్యూజ్ తీస్తూ ఎక్కడ పడిపోతుందో చూడండి. మీటర్ పెట్టి ఉండగా సెల్ఫ్ కొట్టారో మీటర్ లోపలి ఫ్యూజ్ ఎగిరిపోతుంది.

కంప్రెషన్: ఇంకా ఖర్చు పెట్టాలా వద్దా

ఇంజిన్‌ని గోరువెచ్చగా ఉంచి, ఫ్యూయల్ పంపు ఫ్యూజ్ తీసేసి, కాయిల్ కనెక్టర్లు పీకేసి, ప్లగ్గులన్నీ బయటికి తీయండి. మరీ వేడి మీద ప్లగ్గులు తిప్పితే అల్యూమినియం హెడ్‌లో మరలు చెడిపోతాయి. గేజ్ ఒక సిలిండర్‌కి పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, సూది పైకి వెళ్లడం ఆగేదాకా సెల్ఫ్ కొట్టండి, మామూలుగా ఐదారు తిప్పులు సరిపోతాయి. యాక్సిలరేటర్ కంప్యూటర్ ద్వారా పనిచేసే బండ్లలో ఎంత తొక్కినా త్రాటిల్ తెరుచుకోకపోవచ్చు, ఒకసారి చూసుకోండి. ఇదంతా పెట్రోల్ ఇంజిన్ సంగతి, డీజిల్‌కి ఒత్తిడి చాలా ఎక్కువ, దాని గేజ్ వేరు, దీన్ని అక్కడ వాడొద్దు.

ఆరోగ్యంగా ఉన్న పెట్రోల్ ఇంజిన్లు చాలావరకు 120 నుంచి 200 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) మధ్య ఎక్కడో చూపిస్తాయి. అంకె ఎంత అన్నదానికంటే సిలిండర్ల మధ్య తేడా ఎంత అన్నది ముఖ్యం. పది పదిహేను శాతం లోపల ఉంటే హాయిగా ముందుకెళ్లండి. ఒకటి బాగా తక్కువగా ఉంటే ఆ సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె బాగా పెరిగితే రింగులు అరిగాయి, ఆయిల్ ఆ సందుని కాసేపు మూసింది. పెరగకపోతే వాల్వులు సరిగా కూర్చోవడం లేదు. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు రెండూ తక్కువగా ఉంటే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ కాలిపోయి ఉండే అవకాశం ఎక్కువ.

ప్లగ్గులు చేతిలోనే ఉన్నాయి కాబట్టి వాటినీ చదవండి. లేత గోధుమ రంగు మంచిది. పొడి నల్ల మసి అంటే పెట్రోల్ ఎక్కువ పోతోంది, తడి జిడ్డు నలుపు అంటే ఆయిల్ పైకి వస్తోంది. ఒక్క ప్లగ్గు మాత్రం ఆవిరి పట్టి కడిగినట్టు మెరుస్తోందంటే ఆ సిలిండర్‌లోకి కూలెంట్ వెళ్తోందేమో అనుమానించండి.

నా ఉద్దేశంలో ఈ గడప దాటిన బండి, అంటే ఛాసిస్ గట్టిగా ఉండి కంప్రెషన్ సమానంగా ఉన్న బండి, మీటర్ ఎంత తిరిగినా ఖర్చుకి తగినదే. ఇక్కడే ఫెయిలైతే కొత్త షాకబ్జార్బర్లు, సీటు కవర్లు కొనడం ఆపండి.

బ్రేకులు

ఇంజిన్ ఊరిస్తున్నా సరే ముందు బ్రేకులు. బ్రేక్ ఆయిల్ గాలిలోని చెమ్మని పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, నీళ్లు పట్టాక అది 155 డిగ్రీల దగ్గరికి దిగుతుంది, పొడవాటి దిగుడు మీద అది మరిగి ఆవిరైతే పెడల్ నేలకి దిగిపోతుంది. ఎప్పుడు మార్చారో తెలియకపోతే మార్చేయండి, ఆ తర్వాత రెండేళ్లకోసారి. మూత మీద ఏది రాసుందో అదే పొయ్యండి, సిలికాన్‌తో చేసే డాట్ 5 ని మిగతా వాటితో కలపకూడదు.

ఆయిల్ మార్చాక బ్రేక్ గొట్టాల్లోంచి గాలి తీసేటప్పుడు, అంటే బ్లీడ్ చేసేటప్పుడు, పాత బండ్లలో ఒక చిక్కుంది. పెడల్ ఇన్నేళ్లూ సగం దూరమే కదిలింది, పెడల్ తొక్కితే ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్‌లో ఆ దూరం దాటాక ఉన్న భాగం తుప్పుతో, మురికితో గరుగ్గా ఉంటుంది. మీరు బ్లీడ్ చేస్తూ పెడల్‌ని నేలదాకా తొక్కితే లోపలి రబ్బరు సీళ్లు ఆ గరుకు మీదుగా వెళ్లి చిరిగిపోతాయి, ఆయిల్ మార్చిన మర్నాడే బ్రేకు పోయిందని జనం తల పట్టుకునేది అందుకే. పెడల్ కింద ఒక చెక్కముక్క పెట్టి, అంతవరకే తొక్కండి.

ప్యాడ్లు మార్చేటప్పుడు క్యాలిపర్‌ని (ప్యాడ్లని నొక్కే భాగం) గొట్టానికి వేలాడదీయకుండా తీగతో కట్టండి. దాని జారుడు పిన్నులు శుభ్రం చేసి సిలికాన్ గ్రీజు రాయండి, మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పిన్ను బిగుసుకుపోతుంది. బండి ఒక పక్కకి లాగుతున్నా, ఒక చక్రం మాత్రం కాలిపోతున్నా అలా బిగుసుకున్న పిన్నో, లోపల వాచిపోయిన పాత రబ్బరు గొట్టమో కారణం.

టైర్ పక్కన డాట్ అని మొదలయ్యే వరుసలో చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. గాడి ఎంత లోతున్నా పదేళ్లు దాటిన టైర్లు వద్దు.

చల్లబడటం

పాత ఇంజిన్లని చంపేది ఎక్కువగా వేడే. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ చూడండి, తుప్పు రంగులో ఉంటే మొత్తం దించి, శుభ్రమైన డిస్టిల్డ్ వాటర్‌తో తేటగా వచ్చేదాకా కడిగి, కూలెంట్ సగం డిస్టిల్డ్ వాటర్ సగం పోయండి. రంగు చూసి కూలెంట్ కొనొద్దు, రంగులకి అందరూ పాటించే నియమం ఏదీ లేదు, మాన్యువల్‌లో ఉన్న రకం చూసి కొనండి. దించిన కూలెంట్ విషం, పైగా తియ్యగా ఉంటుంది, కుక్కలు పిల్లులు నాకకుండా వెంటనే మూత పెట్టిన డబ్బాలోకి ఎత్తండి.

గొట్టాలు నొక్కి చూడండి, మెత్తగా బంకలా ఉన్నవి, నొక్కితే చిటపటమనేవి మార్చాల్సినవే. రేడియేటర్ మూత లేదా ట్యాంకు మూత స్ప్రింగు వదులైతే ఒత్తిడి నిలవదు, నీళ్లు ముందే మరుగుతాయి, దాన్ని కూడా జాబితాలో రాయండి. ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతూ పెట్రోల్ ఎక్కువ తాగుతుంటే థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయింది. ట్రాఫిక్‌లో మాత్రమే వేడెక్కి, వేగంగా వెళ్తే తగ్గుతుంటే ఫ్యాన్ దగ్గర చూడండి. వేగంగా వెళ్లినప్పుడే వేడెక్కుతుంటే రేడియేటర్ లోపల పూడుకుపోయి ఉండొచ్చు.

ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గిపోతుంటే నీలం ద్రవంతో ఒక టెస్టర్ దొరుకుతుంది, రేడియేటర్ మూత చోట పెట్టి ఇంజిన్ నడిపితే మండిన గ్యాసు తగిలి ద్రవం పసుపుగా మారుతుంది. మారిందంటే హెడ్ గ్యాస్కెటే. సీసాల్లో అమ్మే లీకు మందులు పోసి రోజులు నెట్టొచ్చు గానీ అవి హీటర్ సన్న గొట్టాలు కూడా మూసేస్తాయి.

మిస్సింగ్, పికప్, పసుపు లైటు

స్కానర్ పెట్టి కోడ్ చదవండి, చెరిపేయకండి, ముందు దాంతోపాటు నిల్వ ఉన్న వివరాలు, అంటే ఆ సమయానికి వేగం ఎంత, వేడి ఎంత అన్నవి రాసుకోండి. కోడ్ ఏ పార్టు కొనాలో చెప్పదు, ఎక్కడ వెతకాలో చెబుతుంది. పి0301 అంటే మొదటి సిలిండర్ మండటం లేదని మాత్రమే. ఆ కాయిల్‌ని మూడో సిలిండర్‌కి మార్చి పెట్టండి. కోడ్ పి0303కి మారితే కాయిల్ పోయింది. మారకపోతే ప్లగ్గుతో అదే చేయండి, తర్వాత ఇంజెక్టర్. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

పి0171, అంటే గాలి ఎక్కువైంది పెట్రోల్ తక్కువైంది అని వస్తే లైవ్ డేటాలో ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో, చూడండి. ప్లస్ మైనస్ పది లోపల ఉంటే మామూలే. ఐడిలింగ్‌లో ప్లస్ ఇరవై ఉండి, 2500 ఆర్‌పీఎమ్‌కి రేస్ చేస్తే తగ్గిపోతోందంటే ఎక్కడో వ్యాక్యూమ్ లీకుంది, అంటే లెక్కలోకి రాని గాలి ఇంజిన్‌లోకి దూరుతోంది. రేస్ చేసేకొద్దీ పెరుగుతోందంటే ఫ్యూయల్ పంపు, ఫిల్టరు, లేదా గాలి కొలిచే సెన్సార్ దగ్గర చూడాలి. ఆ సెన్సార్‌ని దానికోసమే అమ్మే స్ప్రేతో కడగండి, గుడ్డతో తుడవకండి. వ్యాక్యూమ్ లీకు కోసం వేడి ఇంజిన్ మీద మండే స్ప్రేలు కొట్టే అలవాటు చాలామందికుంది, నిప్పంటుకుంటుంది, వద్దు. ఇన్‌టేక్ గొట్టాల మీద సబ్బు నీళ్లు కొద్దిగా చల్లినా తేడా తెలుస్తుంది. పాత బండ్లలో ఎండి పగిలిన సన్న రబ్బరు గొట్టాలే ఎక్కువగా దొరుకుతాయి.

ఆయిల్ తాగుతోందా? స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో మాత్రమే నీలం పొగ వస్తే వాల్వ్ సీళ్లు గట్టిపడ్డాయి. గట్టిగా తొక్కినప్పుడు వస్తే రింగులు. ఏదైనా సరే ముందు పీసీవీ వాల్వు (ఇంజిన్ లోపలి ఆవిర్లని బయటికి లాగే చిన్న వాల్వు) మార్చి చూడండి, అది మూసుకుపోతే ఇంజిన్ లోపలి ఒత్తిడి ఆయిల్‌ని దొరికిన సందులోంచల్లా తోసేస్తుంది. పొగ తగ్గుతుందని మాన్యువల్‌లో లేని చిక్కటి ఆయిల్ పొయ్యడం నాకు నచ్చదు, చలిలో పైదాకా చేరడానికి ఆలస్యమై అరుగుదల పెరుగుతుంది.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడూ మార్చని బండి అయితే మెషీన్ పెట్టి ఒత్తిడితో మొత్తం కడిగించకుండా, కింద బోల్టు విప్పి దిగినంత దించి, దిగినంతే కొత్తది పోయండి, కొంత తిరిగాక మళ్లీ అలాగే. ఇప్పటికే జారుతూ, ఆయిల్ మాడు వాసన వస్తుంటే ఆయిల్ మార్పుతో బాగవుతుందని ఆశ పెట్టుకోవద్దు.

చప్పుళ్లు, పైమెరుగులు

బండి లేపి చక్రాన్ని పైన కింద పట్టుకుని ఊపండి, ఆడితే బేరింగో బాల్ జాయింటో. కుడి ఎడమలు పట్టుకుని ఊపితే ఆడితే స్టీరింగ్ రాడ్ చివర. స్టీరింగ్ పూర్తిగా తిప్పి వెళ్తుంటే టకటకమనేది చక్రాన్ని తిప్పే ఇరుసు చివరనుండే సీవీ జాయింట్, దాని రబ్బరు తొడుగు చిరిగిందేమో చూడండి. బుష్‌లు, షాకబ్జార్బర్లు ఎడమ కుడి జతగా మార్చండి, తర్వాత అలైన్‌మెంట్ చేయించాలి, అది ఇంట్లో అయ్యే పని కాదు. తుప్పు పట్టిన బోల్టుకి ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ పోసి ఉంచండి, విప్పేముందు కొంచెం బిగించే వైపు తిప్పి, తర్వాత వదులు చేయండి, విరిగే బోల్టులు సగం తగ్గుతాయి.

పై తుప్పుని వైర్ బ్రష్‌తో మెరిసే లోహం వచ్చేదాకా గీకి, ఎపాక్సీ ప్రైమర్, ఆపైన రంగు. తలుపుల అడుగున నీళ్లు పోయే చిన్న కన్నాలు మట్టితో మూసుకుని ఉంటాయి, వాటిని తెరవకపోతే మీరు వేసిన రంగు లోపల్నుంచి మళ్లీ ఉబ్బుతుంది. పసుపెక్కిన హెడ్‌లైట్లని 800, 1500, 2000, 3000 నంబర్ నీటి కాగితాలతో వరుసగా తడిపి రుద్ది, పాలిష్ చేసి, పైన యూవీ కోటింగ్ తప్పనిసరిగా వేయండి, వేయకపోతే కొద్ది నెలల్లోనే మళ్లీ పసుపే.

అన్నీ అయ్యాక కోడ్‌లు చెరిపి, ముందు ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా బ్రేకులు పరీక్షించండి, తర్వాతే దూరం. మొదటి వంద కిలోమీటర్ల లోపు చక్రాల నట్లు మళ్లీ టార్క్ రెంచ్‌తో చూడండి, మర్నాడు పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మట్టాలు చూసి, బండి కింద కొత్త అట్టముక్క వేయండి. కోడ్‌లు చెరిపిన వెంటనే పొల్యూషన్ టెస్టుకి వెళ్లొద్దు, కంప్యూటర్ తన పరీక్షలన్నీ మళ్లీ పూర్తి చేసుకోవాలి, స్కానర్‌లో అన్నీ రెడీ అని చూపించేదాకా కొన్ని రోజులు మామూలుగా తిప్పండి.